రెండక్షరముల మాట

కెనడా దేశములోని ఏ చిన్న పట్టణమునందైనను, జనవరి మాసపు ఉదయమున కాఫీ దుకాణము వాకిట కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక వింత కనబడును. మంచు అంటిన బూట్లతో ఒకడు తొందరగా లోపలికి వచ్చి, వరుసలో నిలిచియున్న వేరొకని కాలు త్రొక్కును. వెంటనే “సారీ” అను మాట వినబడును. ఆ మాట పలికినవాడు త్రొక్కినవాడు కాడు; త్రొక్కించుకొన్నవాడు. ఇతరుల పాదములు పడదగిన చోట తన పాదము నుంచుట తన అపరాధమేయని అతని భావము కాబోలు. పిమ్మట త్రొక్కినవాడును “సారీ” అనును. ఈ ఇద్దరి దారికిని తాను అడ్డమైతినేమో యను అనుమానముతో వెనుకనున్న మూడవ మనిషి కూడ తన వంతుగా ఒక “సారీ” సమర్పించుకొనును. నేరస్థుడు ఒక్కడు, క్షమాపణలు మూడు. ఇంత జరిగినను కాఫీ మాత్రము చల్లారదు; అది ఇంకను చేతికి రాలేదు.

తలుపుల సంగతి మరియొక విధము. ముందు వెళ్ళువాడు తలుపు తెరచి, ఇరువది అడుగుల దూరమున వచ్చుచున్నవాని కొరకు దానిని పట్టుకొని నిలుచుండును. దూరమున వచ్చువాడు ఆ మర్యాదకు సిగ్గుపడి, జారు మంచుమీద పరుగెత్తుకొని వచ్చి, రొప్పుచు “సారీ” అని లోపలికి ప్రవేశించును. నిదానముగా నడచి వచ్చి తన తలుపు తానే తెరచుకొనగలవాడు ఈ మర్యాద వలన పరుగెత్తవలసి వచ్చెను. మర్యాద చేసినవాడు చలిలో నిలువవలసి వచ్చెను. ఇద్దరికిని సుఖము లేదు. ఇద్దరికిని తృప్తి కలదు.

గుంటూరునుండియో వరంగల్లునుండియో చదువు కొరకు వెళ్ళి బ్రాంప్టన్ నగరమున దిగిన తెలుగు యువకునకు ఈ మాట మొదటి మాసమున చెవికి ఇంపుగను, రెండవ మాసమున విసుగుగను ఉండును. మూడవ మాసము నాటికి అతడే, తనకు తెలియకయే, కుర్చీకి తగిలి కుర్చీకి “సారీ” చెప్పును. తెలుగునాట తప్పు ఒప్పుకొను పద్ధతి వేరు. “క్షమించండి” అను మాట అక్కడ నాటకములలో వినబడినంతగా వీథులలో వినబడదు. కాని పొరపాటున ఒకరి కాలు వేరొకరికి తగిలినచో, తగిలించినవాడు వంగి, ఆ మనిషిని చేతితో తాకి, ఆ చేతిని కన్నులకు అద్దుకొనును. పుస్తకమునకు కాలు తగిలినను అంతే. నోరు మెదపడు, చేయి మాత్రము తన పని తాను చేయును. ఒక దేశమున క్షమాపణ నోటి పని. మరియొక దేశమున చేతి పని. ఈ రెంటిలో ఏది మేలు అను ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును. కాని గడచిన నాలుగు దశాబ్దములుగా కెనడా చరిత్రలో నలుగుచున్న పెద్ద ప్రశ్న అదియే.

నోటి పనిని కెనడావారు ఎంత శ్రద్ధగా కాపాడుకొందురో వారి చట్టములను చూచినచో తెలియును. “సారీ” అనుట అలవాటైన దేశమున ఒక చిక్కు పుట్టినది. ముందున్న కారుకు తన కారు తగిలించినవాడు దిగివచ్చి అలవాటు కొలది “సారీ” అనును. ఎదుటివాని వకీలు ఆ మాటను పట్టుకొని, “చూడుడు, తప్పు ఒప్పుకొనెను” అనవచ్చును. శస్త్రచికిత్స వికటించినప్పుడు వైద్యుడు రోగి బంధువులతో ఆ మాట అనుటకు జంకును. ఈ భయమును తీర్చుటకు బ్రిటిష్ కొలంబియా రాష్ట్రము 2006లో క్షమాపణ చట్టమును చేసినది. ఒంటారియో రాష్ట్రము 2009లో అట్టిదే చేసినది. క్షమాపణ చెప్పినంత మాత్రమున తప్పు ఒప్పుకొన్నట్లు కాదనియు, సివిలు వ్యాజ్యములలో దానిని సాక్ష్యముగా తీసుకొనరాదనియు ఆ చట్టముల సారాంశము.

ఇందులో దయ కలదు. కొడుకును పోగొట్టుకొన్న తల్లితో వైద్యుడు వకీలు చెప్పినట్లు కాక మనుష్యుని వలె మాటాడుటకు ఈ చట్టము వీలు కల్పించినది. కాని ఇందులోనే ఒక గడుసుదనము కూడ కలదు. చెప్పినందువలన ఏమియు నష్టపడనక్కరలేని క్షమాపణ చెప్పుట ఎవరికి కష్టము? ఖర్చు లేని మాటకు విలువ యెంత? చట్టము నోటికి రక్షణ కల్పించినది గాని, చేతికి పని చెప్పలేదు.

ఇంత మెత్తనివారు గదాయని కెనడా ప్రజలను పిరికివారనుకొన్నవారు 2025లో పొరబడిరి. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కెనడా తమ దేశమునకు 51వ రాష్ట్రము కావలెనని పలుమారు పలికి, ఆ యేటి మార్చిలో కెనడా సరుకులపై 25 శాతము సుంకము విధించెను. అప్పుడు “మోచేతులు పైకి” అను నినాదము దేశమంతట వినబడినది. అది ఐస్ హాకీ ఆటనుండి వచ్చిన మాట. ఎదుటివాడు మీద పడునప్పుడు మోచేయి ఎత్తి కాచుకొనుట దాని భావము. వెనుకటి తరమున గోర్డీ హోవ్ అను ఆటగాడు ఆ మోచేతికి పేరుపొందినవాడు. పలు రాష్ట్రములలో ప్రభుత్వ మద్యశాలలనుండి అమెరికా సీసాలను తీసివేసిరి. కళ్ళజోడు పెట్టుకొని టొమాటో డబ్బాలమీది చిన్న అక్షరములను చదివి, అమెరికా సరుకని తెలిసినచో తిరిగి అరలో పెట్టుట దేశభక్తికి గుర్తైనది. వారిలో కొందరు ఆ డబ్బాకు “సారీ” చెప్పియు నుందురు.

ఏప్రిల్ 28న జరిగిన ఎన్నికలలో మార్క్ కార్నీ నాయకత్వమున లిబరల్ పక్షము గెలిచెను. నెల తిరుగునప్పటికి, మే 27న, కొత్త పార్లమెంటును ప్రారంభించుటకు రాజు మూడవ చార్లెస్ ఒట్టావాకు వచ్చి సింహాసన ప్రసంగము చదివెను. తాము ఎవరికిని లోబడిన వారము కామని లోకమునకు చాటుటకై సముద్రమునకు ఆవలనున్న రాజును పిలిపించుకొనుట మరియొక దేశమునకు తోచెడి ఉపాయము కాదు. ఆయన చట్ట ప్రకారము కెనడాకును రాజే గనుక ఇందులో అసంగతమేమియు లేదని వారు ఎంతయు మర్యాదగా వివరింతురు.

ఎత్తిన మోచేయి ఎత్తినట్లే యుండగా అక్టోబరులో ఒక సంగతి జరిగినది. సుంకముల వలని కీడును గురించి అమెరికా పూర్వాధ్యక్షుడు రోనాల్డ్ రేగన్ 1987లో రేడియోలో చెప్పిన మాటలతో ఒంటారియో ప్రభుత్వము ఒక ప్రకటన తయారుచేసి అమెరికా టెలివిజనులో వేయించెను. ట్రంప్ కోపించి వ్యాపార చర్చలను నిలిపివేసెను. కొలది దినములకు దక్షిణ కొరియాలో కలిసికొన్నప్పుడు తాను ఆయనకు క్షమాపణ చెప్పితినని ప్రధానమంత్రి కార్నీ పత్రికల వారితో స్వయముగా అనెను. త్రొక్కినది ఒంటారియో కాలు. “సారీ” అన్నది ఒట్టావా నోరు. కాఫీ దుకాణపు ధర్మమే రాజ్యాంగమునకును ఎక్కినది. అది మర్యాదయా, లొంగుబాటా యను వాదము బయలుదేరెను.

ఆ వాదము నెట్లు తేల్చుకొన్నను నష్టము లేదు. బలవంతునకు చెప్పు క్షమాపణ రాజనీతి. అది ఒక విందులో ముగియును. బలహీనునకు చెప్పవలసిన క్షమాపణ ధర్మము. దానికి ఏండ్లు పట్టును. కెనడా ప్రభుత్వము ఈ రెండవ విధమైన క్షమాపణను నేర్చుకొన్న తీరు గమనింపదగినది.

1942లో, యుద్ధ భయము పేరిట, బ్రిటిష్ కొలంబియా తీరమున నివసించుచున్న 20 వేలకు పైగా జపానీ కెనడియనులను ఇండ్లనుండి వెడలగొట్టి, శిబిరములకు పంపి, వారి ఇండ్లను, పొలములను, చేపల పడవలను ప్రభుత్వము అమ్మివేసెను. వారిలో అధిక సంఖ్యాకులు కెనడా పౌరులే. 42 ఏండ్లకు, 1984 జూన్ మాసాంతమున, వారికి క్షమాపణ చెప్పవలెనని పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడు బ్రయన్ మల్రోనీ కోరగా, పదవి వీడనున్న ప్రధాని పియర్ ట్రూడో ఒప్పుకొనలేదు. గతమును తిరుగవ్రాయుట ప్రభుత్వము పని కాదనియు, తన కాలమున న్యాయముగా నుండుటయే చేయగలిగినదనియు ఆయన వాదము. మల్రోనీ ప్రధానియై 1988 సెప్టెంబరు 22న క్షమాపణ చెప్పి, బ్రతికియున్న బాధితులలో ఒక్కొక్కరికి 21 వేల డాలర్లు ఇప్పించెను. కాలము చమత్కారి. పియర్ ట్రూడో కుమారుడు జస్టిన్ ట్రూడో 2015లో ప్రధానియై తొమ్మిదేండ్లకు పైగా పాలించి, అంతకు ముందు ఏ ప్రధానియు చెప్పనన్ని క్షమాపణలు చెప్పెను. తండ్రి ఒక్కటియు చెప్పననెను. కుమారుడు బాకీ యంతయు తీర్చెను. తండ్రి వాదములో పస లేకపోలేదు: నేడు న్యాయముగా నుండుట నిన్నటికి కంటతడి పెట్టుటకంటె కష్టము. కాని నిన్నటి అన్యాయపు ఫలమును నేడును అనుభవించుచున్నవారు ఎదుట నిలిచియుండగా, నిన్నటితో పని లేదనుట న్యాయము కాదు.

చీనా కూలీల కథ మరియొకటి. పసిఫిక్ తీరమునకు రైలుమార్గము వేయుటలో, కొండలు ప్రేల్చు ప్రమాదపు పనులలో, వేలకొలది చీనావారు శ్రమించిరి. 1885లో ఆ మార్గము పూర్తియైనది. ఆ యేటనే, దేశములోనికి వచ్చు చీనావారిపై తలకు 50 డాలర్ల పన్ను వేసిరి. 1903 నాటికి అది 500 డాలర్లైనది. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యనగా ఇట్లుండును. ప్రధాని స్టీఫెన్ హార్పర్ 2006 జూన్ 22న దీనికి క్షమాపణ చెప్పెను. అప్పటికి పన్ను కట్టినవారిలో బ్రతికియున్నవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత కొద్దిమంది.

భారతీయులకు ఎక్కువగా తెలిసినది కోమగటమారు ఓడ కథ. జన్మదేశమునుండి ఎక్కడను దిగక నేరుగా వచ్చినవారినే రానిత్తుమని కెనడా 1908లో ఒక నిబంధన చేసెను. భారతదేశమునుండి అట్లు నేరుగా వచ్చు ఓడలు లేవు. తలుపు మూయకయే మూయుటకు ఇంతకంటె మర్యాదైన మార్గము ఉండదు. 1914 మే 23న 376 మంది భారతీయులతో, వారిలో అధిక సంఖ్యాకులు పంజాబు సిక్కులు, ఆ ఓడ వాంకూవరు రేవు చేరినది. రెండు మాసములు నీటిమీదనే నిలిపి, కొద్దిమందిని తప్ప తక్కినవారిని జూలై 23న వెనుకకు మరలించిరి. సెప్టెంబరు 29న కలకత్తా సమీపమున బడ్జ్‌బడ్జ్ వద్ద దిగినప్పుడు పోలీసుల కాల్పులలో పలువురు మరణించిరి. 2008 ఆగస్టులో ప్రధాని హార్పర్ సర్రే పట్టణపు తోటలో జరిగిన ఒక ఉత్సవమున దీనికి క్షమాపణ చెప్పగా, అక్కడివారు అంగీకరింపలేదు. నిబంధన చేసినది ప్రభుత్వము గనుక, క్షమాపణ తోటలో కాక పార్లమెంటులో చెప్పవలెనని వారు పట్టుబట్టిరి. 2016 మే 18న జస్టిన్ ట్రూడో పార్లమెంటులో చెప్పెను. క్షమాపణకు మాట చాలదు, చోటు కూడ ముఖ్యమని ఆ సిక్కులు కెనడాకు నేర్పిరి.

ఉపాధ్యాయులును విద్యార్థులును ఎక్కువ శ్రద్ధతో చదువవలసిన పుట ఇక వచ్చును; ఏలయనగా ఆ అపరాధము బడిలో జరిగినది. 1880వ దశకమునుండి కెనడా ప్రభుత్వము తన సొమ్ముతో, క్రైస్తవ మత సంస్థల నిర్వహణలో, ఆదివాసుల పిల్లల కొరకు వసతి పాఠశాలలను నడిపించినది. 1920లో చట్టమును సవరించి ఆ చదువును నిర్బంధము చేసినది. పిల్లలను తల్లిదండ్రులనుండి తీసుకొనిపోయి, జుట్టు కత్తిరించి, ఇంటినుండి తెచ్చుకొన్న బట్టలు తీసివేసి, పలుచోట్ల పేరుకు బదులు అంకె తగిలించి, తల్లి నేర్పిన భాషలో మాటాడినందుకు దండించిరి. లక్షా 50 వేలకు పైగా పిల్లలు ఆ బడుల పాలైరి. చివరి బడి మూతపడినది 1990వ దశకపు ఉత్తరార్ధమున. ఇంటికి తిరిగిరాకయే మరణించిన పిల్లలు 4,100 మందికి పైగా ఉన్నట్లు పత్రముల వలన తేలినది. బడికి పోయిన బిడ్డ సాయంకాలమునకు ఇల్లు చేరుననుట ఏ తల్లికైనను సందేహము లేని సంగతి. ఆ తల్లులకు ఆ సాయంకాలము రాలేదు.

ఇది దుష్టులు ఒకరిద్దరు చీకటిలో చేసిన పని కాదు. గంట కొట్టి, హాజరుపట్టీ వ్రాసి, జమాఖర్చులు పైకి పంపి, పగటి వెలుగులో చేసిన పని. పిల్లలకు మేలు చేయుచున్నామను నమ్మకముతోనే చేసినవారు పలువురు. అందుచేతనే ఈ కథ బడులలో పనిచేయువారికి నిద్ర పట్టనీయరానిది.

2008 జూన్ 11న ప్రధాని హార్పర్ పార్లమెంటులో దీనికి క్షమాపణ చెప్పెను. ఆదివాసుల నాయకులు సభ నడుమ కూర్చుండి వినిరి. వారిలో బదులు పలికిన ఫిల్ ఫాంటేన్ తానును అట్టి బడిలో చదివినవాడే. సత్య సయోధ్య సంఘము దేశమంతట తిరిగి బాధితుల సాక్ష్యములు విని, 2015లో 94 సూచనలు చేసినది. పోపు కెనడా నేలమీదికి వచ్చి ఏడాదిలోగా క్షమాపణ చెప్పవలెననుట వానిలో ఒకటి. పోపు ఫ్రాన్సిస్ 2022 జూలైలో ఆల్బర్టా రాష్ట్రమునకు వచ్చి ఆ మాట చెప్పెను. ఏడాది యనుకొన్నది ఏడేండ్లైనది.

మాట చెప్పుట ముగిసినది. చేతి పని యెంతవరకు వచ్చినది?

2021నుండి ప్రతి సెప్టెంబరు 30ని సత్యమునకును సయోధ్యకును జాతీయ దినముగా కెనడా పాటించుచున్నది. ఆనాడు పిల్లలు నారింజ రంగు చొక్కాలు తొడుగుకొందురు. ఫిలిస్ వెబ్‌స్టాడ్ అను బాలిక 1973లో, ఆరేండ్ల ప్రాయమున, అవ్వ కొనిపెట్టిన నారింజరంగు చొక్కా తొడుగుకొని ఉత్సాహముతో బడికి పోగా, మొదటి దినముననే దానిని తీసివేసికొనిరి. ఆమె పెద్దయై చెప్పిన ఆ కథనుండి ఈ ఆచారము పుట్టినది. ఆ జాతీయ దినము మొట్టమొదటగా వచ్చిన సంవత్సరముననే ప్రధాని జస్టిన్ ట్రూడో ఆనాడు సముద్రతీరమునకు విహారమునకై వెళ్ళెను. దేశము కోపించినది. ఆయన దానికిని క్షమాపణ చెప్పెను. పశ్చాత్తాపము కొరకు ఏర్పరచిన దినమునకే పశ్చాత్తాపము చెప్పవలసి వచ్చుట ఆ నాయకుని జాతకములోని విశేషము.

కెనడాలో పలు పాఠశాలలలోను, సభలలోను, హాకీ ఆటల ప్రారంభమున కూడ, “ఈ నేల ఫలానా ఆదివాసుల పూర్వభూమి” యని ఒక వాక్యము చదువుట నేడు అలవాటు. వినువారు తలలు వంచుకొందురు. పిమ్మట సభ అదే నేలమీద యథాప్రకారము సాగును. భూమి తమది కాదని ప్రతి ఉదయము మర్యాదగా ఒప్పుకొనుటయు, దాని దస్తావేజు మాత్రము బీరువాలో భద్రముగా నుంచుకొనుటయు ఏకకాలమున జరుగుచుండును. 2025 ఆగస్టులో బ్రిటిష్ కొలంబియా ఉన్నత న్యాయస్థానము, 500 దినములకు పైగా విచారణ జరిపి, రిచ్‌మండ్ నగరములోని కొంత భూమిపై కౌవిచన్ ఆదివాసులకు హక్కు కలదని తీర్పు చెప్పినది. ఏండ్ల తరబడి ఆ వాక్యమును వల్లించినవారిలో అలజడి పుట్టినది, అప్పీళ్ళు దాఖలైనవి. నోరు పలికినదానినే న్యాయస్థానము నిజమనినప్పుడు చెవులు బెదరినవి. మాటలు కోటలు దాటినను కాళ్ళు గడప దాటవను సామెతకు ఇంతకంటె ఉదాహరణము వెదకనక్కరలేదు.

నీళ్ళ సంగతి ఇంకను సూటియైనది. ప్రపంచమున మంచినీరు సమృద్ధిగా గల దేశములలో కెనడా ముందువరుసలోనిది. అయినను ఏండ్ల తరబడి కాచుకొనక త్రాగరాని నీరు గల ఆదివాసుల పల్లెలు అక్కడ కలవు. 2015లో అట్టి దీర్ఘకాల హెచ్చరికలు నూటికి మించి యుండగా, 2021 మార్చి నాటికి అన్నింటిని తొలగింతుమని ప్రభుత్వము మాట ఇచ్చెను. చాల వరకు తొలగించెను. కాని గడువు తప్పినది. 2025లోను కొన్ని మిగిలియే యుండెను. అదే విధముగా ఆదివాసుల పిల్లల సంరక్షణకు తక్కువ సొమ్మిచ్చి వివక్ష చూపితివని 2016లో మానవ హక్కుల న్యాయమండలి తీర్పు చెప్పగా, ప్రభుత్వము నోటితో పశ్చాత్తాపము పలుకుచునే కోర్టులలో పెనుగులాడినది. 2023లో గాని 2,300 కోట్ల డాలర్లకు పైబడిన పరిహారమునకు న్యాయస్థానము ఆమోదము లభింపలేదు. చేయి వంగినది, కాని ఎవరో పట్టి వంచిన పిమ్మట.

ఇదంతయు చూచి, క్షమాపణలన్నియు బూటకమని కొట్టివేయుట సులభము. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని పెద్దలు అననే అనిరి. కాని అడుసు త్రొక్కని జాతి భూమిమీద లేదు; కాలు కడుగుకొనుటకు ఒప్పుకొన్న జాతులు కొన్నియే. తప్పు చేయలేదని బుకాయించునంతకాలము ఆ తప్పును దిద్దు ప్రయత్నమే ఆరంభము కాదు. 2008నాటి మాట లేనిచో సంఘమునకు చెప్పుకొన్న ఆ వేలకొలది సాక్ష్యములను ఎందరు నమ్మియుందురు? నీటి హెచ్చరికలను లెక్కపెట్టువారెవరు? “చెప్పితివి గదా, చేసి చూపుము” అని అడుగు హక్కును బాధితులకు ఇచ్చినది ఆ మాటయే. నోటి క్షమాపణ అప్పుపత్రము వంటిది. అది సొమ్ము కాదు. కాని అది లేనిదే సొమ్ము రాబట్టుకొనుట కష్టము.

సత్య సయోధ్య సంఘమునకు అధ్యక్షుడుగా నుండి 2024 నవంబరులో మరణించిన ముర్రే సింక్లెయిర్ స్వయముగా ఆదివాసి; న్యాయమూర్తిగా పనిచేసినవాడు. ఈ చిక్కును తెచ్చిపెట్టినది చదువే, దీనినుండి బయట పడవేయవలసినదియు చదువే యని ఆయన పలుమారు చెప్పెడివాడు. ఇది ఉపాధ్యాయుల మీద ఉంచిన భారము. 2019లో కెనడా పార్లమెంటు ఆదివాసుల భాషలకు ఒక చట్టము చేసినది. డెబ్బదికి పైగా అట్టి భాషలు నేడును అక్కడ ఉన్నవి. వానిలో కొన్నింటిని పలుకువారు వృద్ధులు కొద్దిమందియే. ఏ భాష నాలుకమీదికి వచ్చినదని వెనుకటి తరమును కొట్టిరో, ఆ భాషనే మనుమలకు నేర్పుటకు ఆ వృద్ధులు నేడు బడులకు వచ్చి కూర్చుండుచున్నారు. పార్లమెంటులో చదివిన పత్రముకంటె, నల్లబల్లమీద వ్రాసిన ఆ నాలుగు మాటలు గొప్ప క్షమాపణ. చేతి పనియనగా అదియే.

ఈ కథ తెలుగు బడులకు బొత్తిగా పరాయిది కాదు. 2009లో కడప జిల్లాలోని ఒక పాఠశాలలో, తెలుగులో మాటాడినందుకు పిల్లల మెడలో ఇక తెలుగు మాటాడనని వ్రాసిన పలకలు వ్రేలాడదీసిరి. ఆ పిల్లలను ఎవరును తల్లులనుండి లాగుకొనిపోలేదు; తల్లిదండ్రులే ఫీజు కట్టి పంపిరి. సాయంకాలమునకు వారు క్షేమముగా ఇల్లు చేరిరి. రెంటిని సమానమని యనుట కెనడా ఆదివాసుల దుఃఖమును తక్కువ చేయుటయే యగును. కాని తల్లి నేర్పిన మాట తప్పు అను పాఠము రెండు చోట్లను ఒక్కటే, చెప్పినది బడియే. పెద్ద అన్యాయములకు మొలకలు చిన్నవిగనే యుండును. వానిని గుర్తించుటకు దూరదేశపు చరిత్ర అక్కరకు వచ్చును.

తరగతి గదిలో ఉపాధ్యాయుడు ఒక్కొక్కప్పుడు తప్పు చేయును. ఒకరు చేసిన అల్లరికి మరియొకరిని దండించును. సరియైన లెక్కను తప్పని కొట్టివేయును. నలుబది మంది పిల్లల యెదుట “తప్పు నాది” యని చెప్పుట ప్రధానమంత్రి పార్లమెంటులో చెప్పుటకంటె తేలిక కాదు. అట్లు చెప్పి, ఎఱ్ఱ సిరా గీత కొట్టివేసి మార్కులు తిరిగి వేసిన ఉపాధ్యాయుని పిల్లలు చిరకాలము మరువరు. నోరును చేయియు కలసిన క్షమాపణను వారు మొదట చూచునది అక్కడనే.

కెనడా సామాన్య ప్రజలకు ఈ విద్య తెలియనిది కాదు. మంచు దట్టముగా కురిసిన రాత్రి తెల్లవారునప్పటికి, ముసలివారి ఇంటి ముందరి దారిని పొరుగువారెవరో పారతో శుభ్రము చేసి పోవుదురు. తలుపు తట్టరు; పేరు చెప్పరు. కాఫీ దుకాణమున మూడుమారులు “సారీ” అన్నవారే, ఇక్కడ ఒక్క మాటయు అనక పని చేసి వెళ్ళుదురు. ఆ దేశపు ప్రభుత్వము తన ప్రజలనుండి నేర్చుకొనవలసినది ఆ పార పట్టుటయే.

సంస్కృతమున “క్షమ” యనగా ఓర్పు అనియు, భూమి యనియు రెండర్థములు కలవు. అదియు రెండక్షరముల మాటయే. కెనడాలో ఓర్చినవారు ఆదివాసులు; పోగొట్టుకొన్నది భూమి. వారి ఓర్పునకు మాటతో బదులు చెప్పుట ముగిసినది. భూమితోను, నీటితోను, బడితోను చెప్పవలసిన బదులు ఇంకను మిగిలియున్నది.